కట్టకు ఇరవై ఐదు

ఇటు రార్రి ఇద్దరు.
సహస్రా, ఆ ఫోను పక్కకు వెట్టు.
దీక్షితూ, ముక్కు తుడుసుకొని కూసో.
కరీంనగర్ దవాఖానల డాక్టరమ్మ ఏం జెప్పిందో
మీకు చెప్త.
వచ్చేటప్పుడు బస్సుల మస్తుసార్లు చెప్పి చూసుకున్న, నాకు నేనే.
గంగాధర దాటేదాంక ఒక్క మాట కుదరలే.

ముందుగాల కండ్లు మూసుకోండ్రి.
ఉప్పు కారం అద్దిన పచ్చి చింతకాయను యాదిచేసుకోండ్రి.
ఆ... నోట్ల నీళ్లొచ్చినయా?
ఎవలు పోసిండ్రు?
చెంబు లేదు, నల్లా లేదు.

మన ఒంట్ల కంటికి కానరానంత చిన్న చిన్న కణాలుంటయట.
కొన్నిటిది కట్టుడు పని, కొన్నిటిది మోసుడు పని.
కొన్ని మాత్రం
మన వాకిట్ల బీడీలు చేసేటోళ్ల లెక్క
గుండ్రంగ కూసుంటయట.
లస్మవ్వ, పోసాని, రాజుబాయి, నేను,
మోకాలికి మోకాలు తాకిచ్చి
నడుమ జాగ ఇడిసి.
చేసిందంత నడిమిట్లకే వేస్తం గద, గట్లనే అవి గుడ.
నోట్లయి ఉమ్మి, కండ్లల్లయి కన్నీళ్లు,
పేగులయి జిగురు.
తిన్నది ముందుకు జారాలె గద.
దాన్ని గ్రంథి అంటరట.

"గంపనా?" అంటడు దీక్షిత్.
గంప కాదురా.
సరే, గంప అన్నా నడుస్తది పో.

ఆకు కత్తిరించుడు, తంబాకు నింపుడు, దారం సుట్టుడు
ఎవలన్న నేర్సుకుంటరు.
అసలు తెల్వాల్సింది ఆపుడు.
కట్టకు ఇరవై ఐదు.
ఇరవై ఆరోది చేతిల ఉన్నా కింద వెట్టాలె.

నా పెద్దపేగుల ఒకామె ఉన్నది,
ఆ లెక్క మర్సిపోయింది.
ఎందుకు మర్సిందో డాక్టరమ్మకు గుడ ఎరుకలేదు.
లేదు సహస్రా, మొన్న నువ్వు నా పొట్ట మీద దుంకినందుకు కాదు.
మీతోటి సస్తున్ననని నేను ఒర్లినందుకు గుడ కాదు.
పక్కన పండుకుంటె అంటదు.
ఒక్క కంచంల తినొచ్చు.

ఆమె ఆపలే.
తన అసొంటోళ్లను ఇంకిద్దర్ని కూసోవెట్టుకున్నది,
వాళ్లు ఇంకింతమందిని.
గుండ్రం పోయింది, నడిమి జాగ పోయింది,
ఒకలమీద ఒకలు. వాకిలంత ఆకే.
పక్కింటోళ్ల గోడ గుడ దుంకుదామని చూస్తున్నరట.
దానికో పేరున్నది, చీటీ మీద.
అడెనోకార్సినోమా.

"అండ్ల కారున్నది!" అంటడు దీక్షిత్.
ఉన్నది కొడుకా.
బ్రేకు లేంది.

మంగళారం సంది చెకరొస్తడు.
మన ఖార్ఖానల యాదన్నను చూసిండ్రు గద,
ఒక్క బీడీ మూతి వంకరున్నా
కట్టకు కట్టనే ఛాట్ అని ఇరుస్తడు.
మంచియి గుడ పోతయ్ అండ్ల.
నా నెత్తుట్లకు సూదిలకెల్లి దిగేటోడు గుడ గసొంటోడే.
లెక్క తప్పినోళ్లను ఎంటవడి తీస్తడు,
గాని ఏ చెయ్యి జల్ది ఆడినా ఆయనకు అనుమానమే.
ఎంటికలు మొలిపిచ్చేటోళ్లు ఏం తప్పు చేసిండ్రు?
అయినా ఛాట్.
నోరు పొక్కుతది. వాంతులైతయ్.
మీ మీద ఊకె కసురుకుంటె
అమ్మ గాదు, ఛాట్ అనుకోండ్రి.

"అందర్ని తీసేస్తడా?
ఒక్కామె గుడ మిగల్దా?"

ఈ మాట బస్సుల నేను అడుక్కోలే.

తెల్వదు బిడ్డా.
డాక్టరమ్మ గుడ తెల్వదనే అన్నది,
కాకుంటె కాయితం మీద గీతలు గీస్కుంట
జెర పొడుగ్గ అన్నది.
తెల్సిన్నాడు ముందుగాల మీకే చెప్త, దాయ.

నీకు పేరు వెట్టేనాటికి
నాకు తెల్సిన పెద్ద లెక్క అదొక్కటే.
పొద్దుగూకేటాల్లకు వెయ్యి.
అందుకే సహస్ర అన్న.

పోరి ఏం మాట్లాడదు.
లేసొచ్చి నా ఎదురుంగ కూసుంటది,
మోకాలికి మోకాలు తాకిచ్చి.
పోరడు నడిమి జాగల దూరుతడు.
నోట్ల ఇంకా నీళ్లూరుతనే ఉన్నయట,
చింతకాయేదని
నా కొంగు గుంజుతడు.